తాళం పెట్టిన అంకె

పదహారు నెలల పాటు, మా నాలుగో అంతస్తులో నేను ఏ గదిలో అడుగుపెట్టినా మాటలు ఆగిపోయేవి. ల్యాప్‌టాప్‌లు టపటపా మూతపడేవి. ఎవరో ఒకరు తేరుకుని, "బయట చలి ఎలా ఉంది హెలెన్?" అని అడిగేవారు. పిట్స్‌బర్గ్‌లో జనవరి చలి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నేనెందుకు, కిటికీ చాలు. అయినా జవాబు చెప్పేదాన్ని. ఆ రోజుకి నాతో ఎవరైనా మాట్లాడే మాట అదొక్కటే కావచ్చు కాబట్టి, కాస్త సాగదీసి మరీ చెప్పేదాన్ని.

నాకేం అంటురోగం లేదు. నా దగ్గర ఒక అంకె ఉంది, అంతే.

మా పని డార్క్ ఎనర్జీ. విశ్వం విస్తరిస్తోంది, పోనుపోను ఇంకా వేగంగా విస్తరిస్తోంది. దాన్ని అలా నెడుతున్నదేమిటో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి ఒక పేరు మాత్రం పెట్టుకున్నాం. ఆ తోపుడు మొదట్నుంచీ ఒకే బలంతో ఉందా, కాలం గడిచేకొద్దీ నీరసపడుతోందా అన్నదే మా ప్రశ్న. చిలీలో కొండ మీది టెలిస్కోప్ ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా ఫొటోలు తీసి పంపిస్తుంది. ముప్పై కోట్ల గెలాక్సీలను కొలిస్తే, చివరికి జవాబు ఒక్క అంకెగా తేలుతుంది.

చిక్కంతా మనుషులతోనే. కొలిచేవాడి మనసులో ముందే ఒక ఆశ ఉంటుంది. అనుకున్న అంకె రాకపోతే ఎక్కడ తప్పు జరిగిందా అని వెతుకుతాడు. వస్తే వెతకడం మానేసి కాఫీ తాగడానికి పోతాడు. అందుకని మాకొక ఆచారం ఉంది. లెక్క మొదలవకముందే ఒక మనిషి కొలతలన్నిటినీ ఒక రహస్యపు అంకెతో పక్కకి జరిపేస్తుంది. మిగతావాళ్ళు ఆ జరిపిన కొలతలతోనే పని చేస్తారు. వచ్చే జవాబు నిజమైనది కాదని వాళ్ళకి తెలుసు. ఎంత తేడా ఉందో, ఎటువైపు ఉందో తెలియదు. ఏ కొలతలు ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అన్న నిర్ణయాలన్నీ ఆ చీకట్లోనే చేసి, నిర్ణయాల పుస్తకంలో రాసి, ఇక మార్చబోమని సంతకాలు పెట్టాక అప్పుడు తాళం తీస్తారు. ఆ తర్వాత వచ్చిందే జవాబు. నవ్వినా ఏడ్చినా మార్చడానికి లేదు.

ఆ తాళంచెవి నాకు ఇచ్చారు. ఎందుకంటే నా పేరు ఏ పరిశోధనా పత్రం మీదా ఉండదు. నేను శిక్షణ ఇచ్చే మనిషిని. తొమ్మిదేళ్ళుగా ప్రతి వేసవిలో పన్నెండు మంది కుర్ర శాస్త్రవేత్తలు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ కోసం కంప్యూటర్‌లో నేనే ఒక ఆకాశం తయారుచేస్తాను. అందులో డార్క్ ఎనర్జీ ఎంతుండాలో, కూరలో ఉప్పు వేసినట్టు, నేనే వేస్తాను. ఎంత వేశానో వాళ్ళు కొలిచి చెప్పాలి. చెప్పగలిగితే అసలు ఆకాశం మీదికి వదులుతాం. వాళ్ళు అక్కడికి వెళ్ళి పేరు తెచ్చుకుంటారు. నేను ఇంకో ఆకాశం తయారుచేస్తాను.

"నీకు ఏ అంకె మీదా ఆశ లేదు హెలెన్, అందుకే నువ్వే ఉండాలి," అంది ప్రిస్సిల్లా. ఆమె ఈ పనంతటికీ పెద్ద, వయసులో నా ఈడుదే. పొగిడిందో తిట్టిందో అప్పుడు నాకు తెలియలేదు. ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను కూడా. యాభై తొమ్మిదేళ్ళకి మొదటిసారి అందరికంటే ముఖ్యమైన పని నా చేతికొచ్చింది.

షరతులు అప్పుడే చదివి వినిపించారు. నేను మీటింగులకు రాకూడదు. నా చెవిన పడేలా ఎవరూ పని మాట్లాడకూడదు. ఎవరైనా నోరు జారితే, ఆ రోజే నేను ప్రిస్సిల్లాకి రాసివ్వాలి. వాళ్ళ ఫలితాలుండే ఫోల్డర్ తెరవడానికి నాకు హక్కుంది, ఎక్కడైనా ఏదైనా పాడైతే సరిచెయ్యడానికి; తెరిచి, వాళ్ళ ఫలితంలోంచి నా అంకె తీసేస్తే అసలు జవాబు నాకు తెలిసిపోతుంది. మొదటి నెలలోనే ఒక సంగతి అర్థమైంది. ఈ అంతస్తులో పని తప్ప వేరే మాట ఎవరికీ రాదు. పని మాట్లాడకూడదంటే నాతో ఎవరికీ మాటే లేదు.

పగలు నా గదిలో, సాయంత్రం ట్రాయ్ హిల్ మీద నా ఇంట్లో. ఆదివారం ఈరీ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి పది నిమిషాలు వాళ్ళ కుక్క గురించి చెప్పేది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నేను కూర్చుంటే, అయిదు నిమిషాల్లో ఒక్కొక్కరే ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు షరతు పాటిస్తున్నారు. షరతు పాటిస్తున్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. అయినా తెచ్చుకునేదాన్ని.

క్లే ఒక్కడే వచ్చేవాడు.

క్లే వార్నిక్‌ది వెస్ట్ వర్జీనియా. అయిదేళ్ళ కిందట నా శిక్షణకి వచ్చినప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ వేసవి నా ఆకాశం ముందు పదకొండుసార్లు తప్పు చెప్పి, పన్నెండోసారి దశాంశంతో సహా సరిగ్గా చెప్పాడు. అంత పట్టుదల ఇంకెవరిలోనూ చూడలేదు. తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ అతని కథే చెప్పేదాన్ని. ఇప్పుడు అసలు ఆకాశం మీద పనిచేసే పదకొండు మందిలో అతనే ముఖ్యుడు. ఏ కొలతలు ఉండాలో పోవాలో అతను చెబితే మిగతావాళ్ళు మారుమాట్లాడరు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నా తలుపు మీద రెండుసార్లు కొట్టేవాడు. ఇద్దరం మా ఆఫీసున్న కొండ దిగి స్టెల్లాస్ హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ వేయించిన చేపని రొట్టెలో పెట్టి ఇస్తారు. రొట్టెకి రెండు వైపులా చేప జానెడేసి బయటికి పొడుచుకొస్తుంది. నేను మాత్రం క్యాబేజీ, నూడుల్స్ వేసి వెన్నలో వేయించింది తెప్పించుకునేదాన్ని.

"మళ్ళీ క్యాబేజీయేనా? మీ కడుపుకి విసుగు రాదా హెలెన్?"

"నా కడుపు సంగతి నీకెందుకురా? నీ చేప చల్లారిపోతోంది."

"ఒక్క ముక్క తినండి. చేప తింటే తెలివి పెరుగుతుందట."

"నీ సంగతి చూశాక ఆ నమ్మకం పోయింది."

ఇలాంటి పసలేని మాటలే. వాటి కోసం నేను సోమవారం నుంచి ఎదురుచూసేదాన్ని. గురువారం రాత్రి ఏ స్వెట్టర్ వేసుకోవాలా అని ఆలోచించేదాన్ని. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా వారంలో రోజు అదొక్కటే. నాకు పిల్లలు లేరు, కొడుకులాంటివాడు అని అనను. స్నేహితుడు. నన్ను చూసి లేచిపోని మనిషి.

క్లే నోరు అదుపులో ఉండేది కాదు. అక్టోబర్లో ఒక శుక్రవారం ఏదో చెబుతూ చెబుతూ, "నిన్నంతా మా గ్రూపులో ఆ మసక గెలాక్సీల గోలే, ఉంచాలా తీసెయ్యాలా అని... అయ్యో!" అని నాలిక కరుచుకున్నాడు.

"నోరు మూసుకుని తిను," అన్నాను.

"మూసుకున్నా. ఇదిగో చూడండి, తాళం వేసేశా," అని సగం చేప ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి, కళ్ళు తేలేసి కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. నేను అలా నవ్వి ఎన్ని నెలలైందో.

ఆ సాయంత్రం ప్రిస్సిల్లాకి రాసివ్వాలి. రాయడానికి కూర్చున్నాను కూడా. ఒక్క మాటే కదా, పొరపాటున వచ్చింది కదా అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం, రాస్తే శుక్రవారాలు పోతాయి. ఇద్దరం కలవకూడదంటారు. రాయలేదు. తర్వాత ఇంకోసారి నోరు జారాడు, అప్పుడూ రాయలేదు. మూడోసారికి రాయకపోవడం నాకు అలవాటైపోయింది.

మార్చిలో ఒక శుక్రవారం, "దక్షిణపు పట్టీ మమ్మల్ని చంపుతోంది..." అంటూ మొదలుపెట్టి, టక్కున ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే నా కింది దవడ చివరి పన్ను మీద ఏదో గట్టిగా తగిలి, ప్రాణం గిలగిలలాడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళ గ్లాసు అందుకుని మొహం అటు తిప్పుకున్నాను. పన్ను నొప్పి అని చెప్పుకోవడం నామోషీగా అనిపించింది. అప్పటికే ముసలిదాన్నని ఆటపట్టిస్తుంటాడు. క్లే ఏమీ అడగలేదు. ఆ పూట త్వరగా లేచాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ పన్ను పీకించుకున్నాను.

మే నెలలో తాళం తీసే రోజు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ముహూర్తం. ఆ పొద్దున తాళంచెవి ఉన్న మనిషి చెయ్యాల్సిన ఆఖరి పని ఒకటుంది. నిర్ణయాల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి, ప్రతి నిర్ణయానికీ తేదీ, కారణం, సంతకం ఉన్నాయని ధ్రువపరచాలి. పదహారు నెలల తర్వాత వాళ్ళ పని చూడడానికి నాకు అనుమతి దొరికింది. కాఫీ పోసుకుని, ఉత్సాహంగా కూర్చున్నాను.

మొత్తం నలభై ఒక్క నిర్ణయాలు. ఇరవై ఎనిమిదో దాని దగ్గర ఆగాను. "దక్షిణపు పట్టీ మొత్తం తీసివేశాం. కారణం: నిలకడ లేదు. క్లే వార్నిక్." తేదీ చూశాను. నేను పన్ను పీకించుకున్న శనివారం.

ఆ పట్టీకి చేసిన పరీక్షల కాగితాలు తీశాను. అన్నిటిలోనూ నెగ్గింది. నిలకడ లేకపోవడమనేది ఎక్కడా కనిపించలేదు. వెనక్కి తిప్పాను. "మసక గెలాక్సీలు ఉంచుతున్నాం." అక్టోబర్, శనివారం. నేను పగలబడి నవ్విన శుక్రవారానికి మర్నాడు. క్లే సంతకంతో ఉన్న నిర్ణయాలు పదకొండు. తొమ్మిది శనివారాలవే.

అతన్ని పిలిచాను. కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా వచ్చాడు.

"రెండు దాకా మనం మాట్లాడకూడదు కదా," అన్నాడు నవ్వుతూ.

"కూర్చో. దక్షిణపు పట్టీ ఎందుకు తీసేశావ్?"

నవ్వు పోయింది. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అదేంటి హెలెన్, మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు?"

"మీరేమీ అనలేదు. నేనేమీ అడగలేదు. ఆ మాట అనగానే మీ మొహం ఎలా అయిపోయిందో చూశాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి మీకు. మొహం తిప్పేసుకున్నారు. ఆ పట్టీలో ఏదో ఘోరం ఉందని, నాకు చెప్పలేక నలిగిపోతున్నారని అర్థమైంది."

"పన్నురా."

"ఏంటి?"

"పన్ను. కింది దవడలో చివరిది. మర్నాడు పీకించుకున్నాను."

ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

"మరి అక్టోబర్లో? మసక గెలాక్సీలనగానే అంత సంతోషపడ్డారు కదా?"

"నువ్వు నోట్లో సగం చేప కుక్కుకున్నావు క్లే. అందుకు నవ్వాను."

"ఫోల్డర్ మీ దగ్గర ఉంది కదా! అసలు అంకె మీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది కదా!"

"ఒక్కసారి కూడా తెరవలేదు."

"పదహారు నెలల్లో?"

"పదహారు నెలల్లో. నాకు మీ అంకె ఎంతో ఇప్పటికీ తెలియదు."

తల పట్టుకున్నాడు. నేల చూస్తూ చెప్పాడు. "మొదట్నుంచీ అంతే హెలెన్. శిక్షణలో కూడా. మీరు నా కుర్చీ వెనక నిలబడేవారు కదా. నేను అంకె కాస్త అటూ ఇటూ చేసి, వెనక్కి తిరిగి మీ మొహం చూసేవాణ్ణి. సరైన దారిలో ఉంటే మీ కనుబొమలు పైకి లేస్తాయి. మీకు తెలియదు, కానీ లేస్తాయి. మీ ఆకాశంలో నేనేమీ కనిపెట్టలేదు. పన్నెండోసారి మీ కనుబొమలు చూసి చెప్పాను."

తల కొట్టేసినట్టయింది. నాలుగు బ్యాచ్‌లకి ఇతని కథ చెప్పాను. పట్టుదలంటే ఇదీ అని చెప్పాను.

"ఇప్పుడెవరికీ నష్టం లేదు కదా," అన్నాడు, గొంతులో ఆశ తెచ్చుకుని. "ఆలోచించండి. మీకు తెలియనప్పుడు మీ మొహంలో ఏ రహస్యమూ లేదు. రహస్యం లేనప్పుడు ఏదీ బయటపడలేదు. బొమ్మా బొరుసూ వేసినట్టు అనుకోండి. సోమవారం నాకు టూసాన్ యూనివర్సిటీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈ జవాబు మీద మొదటి పేరు నాదే. ఇవాళ తాళం తీయకపోతే నాకు చూపించుకోవడానికి ఏమీ లేదు హెలెన్. ఆగస్టుతో ఇక్కడ నా ఉద్యోగం అయిపోతుంది."

"మంచి పట్టీని తీసి పారేశావు. దానికి పరీక్షల్లో ఏ లోపమూ లేదు."

"మీరు తప్ప ఆ తేదీలు ఎవరూ కలిపి చూడరు."

అది నిజం. నేను సంతకం పెడితే చాలు. నేను రాసివ్వని సంగతి కూడా బయటికి రాదు. క్లే టూసాన్ వెళ్ళినా ఫోన్లు చేస్తాడు, సెలవులకు వచ్చినప్పుడు స్టెల్లాస్‌కి తీసుకెళ్తాడు. నాకు ఈ లోకంలో అంతకంటే ఎక్కువ కావలసినది ఏదీ లేదని ఆ గదిలో నాకు స్పష్టంగా తెలిసింది. "వెళ్ళు," అన్నాను. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నా మొహం చూశాడు. ఏం కనిపించిందో తెలియదు.

రెండింటికి అందరూ చేరారు. బల్ల మీద పెద్ద కేకు, దాని మీద చక్కెరతో ఒక ప్రశ్న గుర్తు. పదహారు నెలల తర్వాత నేను ఆ గదిలోకి రాగానే చప్పట్లు కొట్టారు. ఎవరో నాకు కుర్చీ జరిపారు. "ఇక మీతో మాట్లాడొచ్చు!" అంది యూన్‌హీ, నా నిరుటి శిష్యురాలు, నిజంగా సంతోషంగా.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, తాళం తీసే ముందు పెద్ద ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతుంది. తెరవకూడదనడానికి తమకు ఏ కారణమూ తెలియదనుకుంటే, "సిద్ధం" అనాలి. ఒక్కరు కాదన్నా తెరవరు. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. ప్రిస్సిల్లా మొదలుపెట్టింది. సిద్ధం, సిద్ధం అని గది చుట్టూ మాట తిరిగింది. యూన్‌హీ దాదాపు అరిచింది. క్లే వంతు వచ్చింది. నా వైపే చూస్తూ, "సిద్ధం," అన్నాడు. ఆ మాట పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు.

"హెలెన్?"

"తెరవకూడదు," అన్నాను.

ఎవరో నవ్వారు, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. ప్రిస్సిల్లా నవ్వలేదు. "ఎందుకు?"

చెప్పాను. తొమ్మిది శనివారాలు చదివాను. క్లే నా ముందు నోరు జారాడని, అప్పుడు నా మొహం చూసి నిర్ణయాలు తీసుకున్నాడని, ఆ మొహంలో ఏ సమాచారమూ లేదని, ఒకటి పంటి నొప్పి అని చెప్పాను. క్లే తల ఎత్తలేదు.

"నోరు జారిన ప్రతిసారీ రాసివ్వాలి కదా," అంది ప్రిస్సిల్లా. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "నువ్వు ఇన్నేళ్ళలో ఒక్క కాగితం ఆలస్యం చెయ్యలేదు. ఎందుకు రాయలేదు హెలెన్?"

ఏదో ఒక సాకు చెప్పి ఉండొచ్చు. పదకొండు మంది నన్ను చూస్తున్నారు. "రాస్తే నాతో కలిసి తినేవాళ్ళు ఎవరూ ఉండరు," అన్నాను.

యూన్‌హీ కేకు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ కేకుని ఎవరూ కోయలేదు. సాయంత్రం శుభ్రం చేసేవాళ్ళు పట్టుకెళ్ళారు.

తర్వాత అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. తొమ్మిది నిర్ణయాలు మళ్ళీ తెరిచారు, వాటిని వేరేవాళ్ళకి అప్పగించారు. కొత్త రహస్యపు అంకె వేశారు, కొత్త మనిషికి తాళంచెవి ఇచ్చారు. ఇంకో ఏడు నెలల పని. క్లేని ఆ గ్రూపులోంచి తప్పించారు. టూసాన్ వాళ్ళకి అతనే ఉత్తరం రాసి, జరిగిందంతా చెప్పి, ఇంటర్వ్యూ వద్దనుకున్నాడని విన్నాను. అది ఎవరూ చెయ్యమనలేదు.

నా శిక్షణ పని నాకు ఉంచారు. ప్రిస్సిల్లా మంచిదే. ఇప్పుడు నేను గదిలోకి వెళితే మాటలు ఆగవు. అలా సాగుతూనే ఉంటాయి, నా పక్కనుంచి, నా మీదనుంచి. నన్ను చూసి జాలిపడాలో కోపగించాలో తేల్చుకోలేక, చూడడమే మానేశారు. ఇంతకుముందే నయం, కనీసం చలి గురించి అడిగేవారు.

ఈ వేసవి పన్నెండు మంది కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళ గదిలోకి నేను అడుగుపెట్టలేదు. ఆకాశం తయారుచేసి పంపాను. వాళ్ళ జవాబులు కాగితం మీద వస్తాయి, తప్పో ఒప్పో కాగితం మీదే రాసి పంపుతాను. వాళ్ళు చక్కగా నేర్చుకుంటున్నారు, ఎప్పటికంటే బాగా. వాళ్ళలో ఎవరి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళుగా నేను చేసింది నేర్పడం కాదేమో, వాళ్ళ వెనక నిలబడి వాళ్ళతో కాస్త కాలం గడపడమేమో అని ఈమధ్య అనిపిస్తోంది. అది ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

ఆగస్టు ఆఖరి వారంలో క్లే వచ్చాడు. తలుపు రెండుసార్లు కొట్టాడు. శిక్షణకి వచ్చినప్పుడు నేనే ఇచ్చిన గదుల తాళాల కార్డు నాకు అప్పగించి వెళ్ళాలి, అది పద్ధతి. మూడు నెలల్లో చిక్కిపోయాడు. వాళ్ళ ఊరి దగ్గర కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికిందన్నాడు. కార్డు బల్ల మీద పెట్టి, నిలబడ్డాడు.

"నా మీద కోపంగా ఉందా?" అన్నాను.

"ఉండేది. జూలై దాకా."

"నాకు ఇంకా ఉంది."

తలూపాడు. వెళ్ళడానికి తిరిగాడు. అడక్కుండా ఉందామనుకున్నాను, ఉండలేకపోయాను.

"క్లే. ఒక్క మాట. ఇన్ని శుక్రవారాల్లో ఒక్కటైనా... నా మొహం చదవడానికి కాకుండా, ఊరికే నాతో తినడానికి వచ్చావా?"

నోరు తెరిచాడు. తెరిచి, మాట రాకముందే, అతని చూపు నా మొహం మీదికి వచ్చింది. కళ్ళు, కనుబొమలు, పెదవుల చివర్లు. ఏ జవాబు నాకు కావాలో వెతుకుతున్నాడు. వెతుకుతున్నట్టు అతనికి తెలియను కూడా తెలియదు.

"అటు తిరుగు," అన్నాను.

"ఏంటి?"

"కిటికీ వైపు తిరుగు. తిరిగి చెప్పు."

తిరిగాడు. వీపు నా వైపు పెట్టి, చేతులు కిటికీ అంచు మీద ఆనించి నిలబడ్డాడు. కింద రోడ్డు మీద బస్సు ఒకటి ఎక్కలేక ఎక్కలేక కొండ ఎక్కుతోంది. అది పైకి వెళ్ళిపోయే దాకా దాన్నే చూశాడు.

"తెలియదు హెలెన్," అన్నాడు. "ఎంత ఆలోచించినా తెలియడం లేదు."

తొమ్మిదేళ్ళుగా పిల్లలందరికీ నేను మొదటి రోజే చెప్పే మాట, తెలియకపోతే తెలియదని చెప్పమని. అతను నన్ను చూడకుండా చెప్పిన మొదటి జవాబు అది. అది నిజమని నాకు తెలిసింది. అతను అటు తిరిగి ఉన్నాడు కదా, నా మొహాన్ని దాని ఇష్టానికి వదిలేశాను.

"ఇక తిరగనా?" అన్నాడు.

"ఇంకాసేపు అలాగే ఉండు," అన్నాను.